మేనత్త కాటుక

అంట్లు తోమిన నీళ్లను నాగమల్లేశ్వరి ఏనాడూ వీధిలోకి విసిరికొట్టలేదు. సబ్బు నురగ ఉన్న మొదటి కడుగు కాలవలోకి వంచేసి, రెండో కడుగు నీళ్లు బకెట్లో పట్టి, పెరట్లో కుళాయి గట్టు పక్కనున్న పచ్చటి గుబురు మీద నిదానంగా పోస్తుంది. చూసేవాళ్లకు అది కలుపు. మేకలకు మేత. నాగమల్లేశ్వరికి మాత్రం అది గుంటగలగర. కొనకనమిట్ల చుట్టుపక్కల చినుకు పడితే పండగ, పడకపోతే ట్యాంకరు. అలాంటి నేల మీద ఏడాది పొడుగునా పచ్చగా ఉండి, చొక్కా గుండీలంత తెల్లపూలు పూయడమంటే మాటలా? దాన్ని ఎవరూ నాటలేదన్నది నిజమే. ఎవరూ నీళ్లు పోయలేదంటే మాత్రం అబద్ధం.

ఇది కూడా చామంతుల కుటుంబంలోదే. కాకపోతే చామంతి గుడికి పోతుంది, జడలోకి ఎక్కుతుంది, మార్కాపురం పూలకొట్లలో మూరలెక్కన అమ్ముడుపోతుంది. దాని చెల్లెలు ఇదిగో, ఇట్లా అంట్ల గట్టు దగ్గర. మల్లేశ్వరి తమ్ముడు నాగరాజు మోటరు సైకిలు దీని మీదుగా ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. తల్లి పోలమ్మ ఎండలు ముదరగానే పార తీసుకుని, పురుగూ పుట్రా చేరుతుందని గీకి పారేసేది. దొడ్లోంచి జీవాలు తప్పించుకుని వస్తే మొదటి మూతి దీని మీదే పెట్టేవి. నాలుగు రోజులు నేల బోసిగా కనపడేది. ఆ తర్వాత నేలకు వాలిన కాడ ఎక్కడ తడి తగిలితే అక్కడ వేరు దింపుకుని మళ్లీ లేచేది. దాని మొండితనం చూసి మల్లేశ్వరికి గర్వంగా ఉండేది. కన్నబిడ్డను చూసినట్టు చూసుకునేది గానీ ఆ మాట పైకి అనేది కాదు. అంటే ఎవరో ఒకరు ఆ 'బిడ్డ' అన్న మాట పట్టుకుని లాగుతారు.

ఆ ఆకు పసరుతోనే ఆమె కాటుక పట్టేది. పొద్దెక్కకముందు ఆకు కోసి, రోట్లో దంచి, పసరు పిండి, పాత నూలు చీర గుడ్డను అందులో నానబెట్టాలి. నీడన ఆరాలి. ఆరాక మళ్లీ నానాలి, మళ్లీ ఆరాలి. అప్పుడు దాన్ని వత్తి చేసి, ఆముదం పోసిన ప్రమిదలో వెలిగించి, పైన ఇటుకల మీద రాగి పళ్లెం బోర్లించాలి. దీపం కొండెక్కేసరికి పళ్లేనికి మసి పడుతుంది. దాన్ని గీకి, చుక్క ఆముదం వేసి మెదిపితే కాటుక. వినడానికి ఇంతే. ఈ పని మీద ఉన్నన్నాళ్లూ ఆమె అరచేతులు నల్లగా ఉంటాయి. పసరు చేతికి అంటినప్పుడు పచ్చగానే ఉంటుంది, కాసేపటికి నల్లబడుతుంది, ఇక సబ్బుకూ లొంగదు, బూడిదకూ లొంగదు.

ఊళ్లో ఏ ఇంట్లో ఉయ్యాల కట్టినా మల్లేశ్వరి కాటుక ఉండాల్సిందే. ముండ్లమూరు దాకా పోయింది ఆ బరిణె. నర్సమ్మలు వచ్చి చంటిబిడ్డల కళ్లలో ఏదీ పెట్టొద్దని గట్టిగా చెప్పినప్పటి నుంచి కంటికి మానేసి, బుగ్గన, నుదుట, అరికాలిలో చుక్కలు పెడుతున్నారు గానీ కాటుక మాత్రం మానలేదు. వచ్చేవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి బరిణె తీసుకునేవాళ్లు. "నీ చెయ్యి చల్లనిది మల్లీ" అనేవాళ్లు. చంకలో బిడ్డ ఉంటే మాత్రం, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ బిడ్డను రెండో చంకకు మార్చుకునేవాళ్లు, ఆమెకు దూరంగా. వాళ్లు కావాలని చేసేవాళ్లు కాదు. కావాలని చేసి ఉంటే ఆమె ఏదో ఒకటి అనేది. అలవాటుగా చేసే అవమానానికి ఏమని జవాబు చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు.

ఎందుకంటే మల్లేశ్వరికి పిల్లలు లేరు. మొగుడు ఉన్నాడు గానీ గిద్దలూరులో ఉన్నాడు, ఇంకో పెళ్లాంతో.

ఆ కథ ఊరంతా తమకు తోచినట్టు చెప్పుకున్నారు. పుల్లయ్య వదిలేసినాడన్నారు. తరిమేసినాడన్నారు. జరిగింది అది కాదు. పుల్లయ్యకు ట్రాక్టరు ఉండేది, నోరు కూడా ట్రాక్టరు లాంటిదే. కాటుక పట్టినామె ముందు తన కంటికి పెట్టుకుని చూడాలని, మండకపోతేనే ఇంకొకరికి ఇవ్వాలని మల్లేశ్వరి నాయనమ్మ పెట్టిన నియమం. గిద్దలూరులో ఒకసారి పక్కింటి బిడ్డకోసం కాటుక పట్టి, అట్లా కళ్లకు పెట్టుకుని బిందె పట్టుకుని బయటికొస్తే, ట్రాక్టరు దగ్గర నలుగురితో నిలబడి ఉన్న మొగుడు అన్నాడు, "ఎవరికి చూపిద్దామనే ఆ కళ్లు? ఒక కాన్పు లేదు గానీ సింగారం ఒకటి." నలుగురూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె కాటుకను కంటికి పెట్టుకోవడం మానేసి, ముంజేతి మీద రాసుకుని చూసేది. నియమం తప్పినట్టు కాదులే అని తనకు తానే సర్ది చెప్పుకునేది.

తర్వాత అత్త మొదలుపెట్టింది. "కాయని చెట్టుకి కంచె ఎందుకు" అని అన్నం పెట్టేటప్పుడు అనేది, మజ్జిగ పోసేటప్పుడు అనేది. చివరికి పుల్లయ్య ఒక సాయంత్రం పక్కన కూర్చుని, చాలా ప్రేమగా, తానేదో త్యాగం చేస్తున్నట్టు చెప్పాడు. "ఇంకొకదాన్ని చేసుకుంటా. నిన్ను పొమ్మంటున్నానా? అది పిల్లల్ని కంటది, నువ్వు ఇల్లు చూసుకో. ఇద్దరూ అక్కాచెల్లెళ్ల మాదిరి ఉండండి." పనంతా ఇదివరకటిలాగే ఉంటుంది. పేరు మాత్రం ఇంకొకామెకు పోతుంది. మల్లేశ్వరి ఏడవలేదు, అరవలేదు. మర్నాడు పొద్దున్నే మొగుడికి చద్దన్నం గిన్నెలో పెట్టి మూతపెట్టి, మార్కాపురం బస్సెక్కి వచ్చేసింది. ఆ చద్దన్నం ఎందుకు పెట్టిందో తనకే ఇప్పటికీ అర్థం కాదు. తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకు ఒళ్లు మండుతుంది.

పుట్టింటికి వచ్చి పదేళ్లు. పొద్దున అంట్లు, వంట, జీవాలకు కుడితి. ఆ తర్వాత షేరు ఆటోలో మార్కాపురం, పలకల ఫ్యాక్టరీలో పలకలకు చెక్క అంచులు బిగించే పని. అక్కడ మేస్త్రీ విజయ్ కుమార్ అందరినీ ఐదింటికి పంపించి, "నువ్వుండు మల్లేశ్వరీ, దుమ్ము ఊడ్చి పో. నీకేమన్నా పిల్లలు ఏడుస్తుంటారా" అంటాడు. ఊడ్చినందుకు కూలి లేదు. పిల్లలు లేనిదాని పొద్దు ఎవరిదైనా కావచ్చు కాబోలు. ఇంటికొస్తే మళ్లీ పొయ్యి. తమ్ముడి పెళ్లి ఆమె చేతుల మీదే జరిగింది. మరదలు విజయ తల్లి లేని పిల్ల, రెండు కడుపులు నిలవక మూడోసారి నెల తప్పినప్పుడు, ఆ పిల్లను మంచం దిగనీయకుండా చూసింది మల్లేశ్వరి. ఆస్పత్రికి తీసుకుపోయింది ఆమే, కాన్పు గది బయట గోడకు ఆనుకుని నిలబడింది ఆమే. ఆడపిల్ల పుట్టిందని నర్సు వచ్చి ఆమెకే చెప్పింది. ఆ క్షణం మల్లేశ్వరికి వచ్చిన మొదటి ఆలోచన: నేను మేనత్తనయ్యాను.

మేనత్త అంటే ఈ ఇళ్లలో ఉత్త చుట్టరికం కాదు. ఉయ్యాల నాడు బిడ్డకు మొదటి కాటుక పెట్టేది మేనత్తే. ఆమె పెట్టాకే బిడ్డను తొట్లో వేస్తారు. భార్యగా, కోడలిగా, తల్లిగా లోకం ఆమె పేరు కొట్టేసింది. ఈ ఒక్క పేరు మాత్రం తన పుట్టుకతోనే వచ్చింది, దీన్ని ఎవరూ తీసుకోలేరు అనుకుంది. పిచ్చిది.

ఉయ్యాల ఆదివారం. శుక్రవారం పొద్దున ఆమె రోటి ముందు కూర్చుని ఆకు దంచుతుంటే పోలమ్మ వచ్చి పక్కన పీట వేసుకుంది. కూర్చోవడంలోనే తెలిసింది, ఏదో ఉందని.

"మల్లీ, పుష్పమ్మకు ఫోన్ చేసినా. ఆదివారం పొద్దున్నే వెలిగండ్ల నుంచి వస్తానన్నది."

పుష్పమ్మ వాళ్ల పెదనాయన కూతురు. "రానీ మా. ఉయ్యాలకు రాకుంటే ఎట్ల" అంది మల్లేశ్వరి.

"అది గాదు. బిడ్డకు కాటుక అది పెడతది."

రోకలి ఆగింది. "మరి నేను పట్టేది?"

"నువ్వే పట్టాల. నీ మాదిరి ఎవరు పడతారు? నువ్వు పట్టు, పుష్పమ్మ పెడతది. ఇద్దరు పిల్లల తల్లి, మొగుడు పక్కనున్న మనిషి. అదీ మేనత్త వరసే గదా." పోలమ్మ కూతురి మొహం చూడలేదు, రోట్లోకి చూసింది. "నా మీద కోపం పెట్టుకోబాకు. రెండు పోయి ఈ బిడ్డ దక్కింది. నలుగురూ నాలుగు మాటలు అంటారు. నాకు భయం మే."

"దేనికి భయం మా? నాకా?"

పోలమ్మ లేస్తూ లేస్తూ, "ఆ నల్ల చేతులతో బిడ్డ గుడ్డలు ముట్టబాకు, మరక పోదు" అని మాత్రం అని వెళ్లిపోయింది.

తల్లి చెడ్డది కాదు. అదే కష్టం. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. కూతురు గిద్దలూరు నుంచి వచ్చిన నాడు ఎందుకు వచ్చినావని అడగకుండా కంచంలో అన్నం పెట్టిన తల్లి. అయినా మల్లేశ్వరికి ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. దంచుతూ దంచుతూ గుర్తుకొచ్చింది. నువ్వు పట్టు, పుష్పమ్మ పెడతది. అది పిల్లల్ని కంటది, నువ్వు ఇల్లు చూసుకో. రెండూ ఒకే మాట. గిద్దలూరులో మొగుడి నోట విని బస్సెక్కింది. ఇప్పుడు అదే మాట తల్లి నోట వింటోంది. దీనికి ఏ బస్సెక్కాలి? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. అబద్ధం. పెరటి చెట్టు వైద్యానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఆకు తెంపుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు కాబట్టి రోజూ పనికొస్తుంది. దానికి పేరు మాత్రం దక్కదు. ఇక్కడి నుంచి ఎక్కడికీ పోనని ఆమె అనుకుంది. ఈసారి తను కదిలేది లేదు. ఎవరు జరగాలో వాళ్లే జరుగుతారు.

పని మాత్రం ఆపలేదు. ఆపితే తన పనికి తానే అవమానం చేసినట్టవుతుంది. గుడ్డ నానబెట్టింది, ఆరబెట్టింది, వత్తి చేసింది. శనివారం పొద్దు గూకేవేళ దీపం పెట్టి పళ్లెం బోర్లించింది. ఆదివారం తెల్లారగానే పళ్లెం ఎత్తి చూస్తే, ఇన్నేళ్లలో ఎప్పుడూ పడనంత నల్లగా, మెత్తగా, నిండుగా పడి ఉంది కాటుక. గీకి మెదిపి బరిణెకెత్తింది. చూపుడు వేలి కొసతో కొంచెం తీసి, అలవాటుగా ముంజేతి మీదికి పోనిచ్చింది. వేలు అక్కడ ఆగింది.

నాగరాజు బండి పెరట్లోనే ఉంది. దాని అద్దం తన వైపు తిప్పుకుని, మల్లేశ్వరి ఒక కంటికి పెట్టుకుంది. చల్లగా ఉంది. రెండో కంటికి పెట్టుకుంది. దొంగతనంగా సన్నగా కాదు, కొస దాకా, నిండుగా. అద్దంలో ఒక ఆడమనిషి ఆమెను సూటిగా చూసింది. ఎంత బాగున్నాయి నా కళ్లు అనుకుంది. పైకే అంది, ఎవరూ లేరు గనక. ఎవరికి చూపిద్దామనే అని ఆ పాత గొంతు అడగబోయింది. నాకే, అంది మల్లేశ్వరి.

పది గంటలకు ఇల్లు నిండింది. తొట్టికి బంతిపూలు చుట్టారు. చాప మీద విజయ, ఆమె ఒళ్లో బిడ్డ, పక్కన వెలిగండ్ల నుంచి వచ్చిన పుష్పమ్మ, కొత్త చీరలో చెమటలు కక్కుతూ. పోలమ్మ పసుపు కుంకుమ పళ్లెం సర్ది కేకేసింది.

"మల్లీ, బరిణె తేమ్మా. పుష్పమ్మకు ఇయ్యి."

మల్లేశ్వరి వంటింట్లోంచి వచ్చింది. చేతిలో బరిణె. నల్లటి అరచేతులు దాచుకోలేదు. అందరూ ఆమె కళ్ల వైపు తిరిగారు. వీధి చివరింటి కృష్ణవేణమ్మ, ఊళ్లో ఎవరి బాగోగులైనా తన నోటి మీదుగానే పోవాలనుకునే మనిషి, ముందుగా అంది.

"ఏందే మల్లీ, కళ్లకు కాటుక?"

"పట్టినామె ముందు పెట్టుకుని చూడాల గదా పెద్దమ్మా. చల్లగా ఉంది. మీకూ కావాల్నా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఈ నవ్వు ట్రాక్టరు దగ్గరి నవ్వు కాదు. మల్లేశ్వరి చాప దాకా వచ్చి, పుష్పమ్మకు బరిణె ఇవ్వకుండా, ఆమె ఎదురుగా కూర్చుంది.

"మా, ఒక మాట అడుగుతా, నలుగురిలో చెప్పు. ఆకు కోసింది ఈ చేతులు. దంచింది, వత్తి చేసింది, దీపం పెట్టింది ఈ చేతులు. ఇవి మంచి చేతులు కాదంటావా, అయితే ఈ కాటుకా మంచిది కాదు. ఇప్పుడే కాలవలో పారేస్తా. కాటుక మంచిదే అంటావా, అయితే చేతులూ మంచివే. రెంట్లో ఏదో ఒకటి చెప్పు. సగం తీసుకుని సగం వద్దనబాకు."

"అక్కా, ఇప్పుడెందుకు ఇదంతా" అన్నాడు వాకిట్లోంచి నాగరాజు.

"ఇప్పుడు గాకుంటే ఎప్పుడు నాయనా? బిడ్డకు ఊహ వచ్చినాక, మా మేనత్త వంటింట్లో ఎందుకు నిలబడిందని అది అడిగితే నువ్వు చెప్తావా?"

పోలమ్మ చేతిలోని పసుపు పళ్లెం అట్లాగే ఉండిపోయింది. ఆమెకు కూతురి కళ్లు కనపడుతున్నాయి. ఆ కళ్లలో కాటుక చూసి ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకుంటున్నట్టుంది. పుష్పమ్మే ముందు కదిలింది. బరువైన ఒళ్లు కాస్త పక్కకు జరుపుకుని, చాప మీద చోటు చేసింది.

"చిన్నమ్మా, నా ఇద్దరు పిల్లలకూ కాటుక పట్టి పంపినది ఇదే గదా. అప్పుడు రాని దోషం ఇప్పుడు యాడ నుంచి వస్తాది? నన్ను ఇట్లాంటి దాంట్లో పెట్టబాకు. మల్లీ, ఇట్ల వచ్చి కూసో."

అయినా మల్లేశ్వరి కదలలేదు. తల్లి వైపే చూసింది. ఆ మాట తల్లి నోటి నుంచే రావాలి. విజయ, పెళ్లైన నాటి నుంచి అత్త ముందు గొంతెత్తని విజయ, ఒళ్లోని బిడ్డ అరికాలిని గుడ్డలోంచి బయటికి తీసి, వదిన వైపు తిప్పి పట్టుకుంది.

పోలమ్మ అది చూసింది. పళ్లెం కింద పెట్టింది.

"పెట్టు" అంది. తర్వాత గొంతు సవరించుకుని, అందరికీ వినపడేటట్టు మళ్లీ అంది. "మేనత్తవు గదా, నువ్వే పెట్టు మల్లీ."

ఆ నల్లటి వేలు బిడ్డ అరికాలిని తాకింది. బిడ్డ కాలు ముడుచుకుంది, మళ్లీ చాపింది. నుదుట ఒక చుక్క, బుగ్గన ఒక చుక్క. మల్లేశ్వరి బిడ్డను ఎత్తుకుంది. ఎవరూ ఆపలేదు. వీధిలో వాళ్లు ఇన్నేళ్లూ రెండో చంకకు మార్చుకున్న బరువు ఇంతేనా అనుకుంది. ఎంత తేలిక. తనే తొట్లో వేసి, తనే తాడు లాగింది. కృష్ణవేణమ్మ పాట అందుకుంది, పాపం, పాడకుండా ఉండలేని మనిషి.

భోజనాలయ్యాయి. మధ్యాహ్నానికి పెరట్లో కుళాయి గట్టు దగ్గర గంగాళాలు, పళ్లాలు, గరిటెలు కొండలా పడ్డాయి. మల్లేశ్వరి వరండాలో గోడకు ఆనుకుని, నిద్రపోతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పోలమ్మ పెరట్లోంచి, ఉదయం జరిగిందంతా మరిచినట్టు, ఏళ్ల అలవాటుతో పిలిచింది.

"మల్లీ, అంట్లు."

మల్లేశ్వరి లేవలేదు. బిడ్డ మీద ఈగ వాలకుండా కొంగు ఊపింది.

"ఇయ్యాల నేను ఆడబిడ్డను గదమ్మా. ఉయ్యాలకొచ్చిన ఆడబిడ్డ అంట్లు తోముతాదా?"

పుష్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాగరాజు అమ్మ మొహం చూశాడు, అక్క మొహం చూశాడు, అంట్ల వైపు చూశాడు. ఇక చూడ్డానికి ఏమీ మిగలక, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని గట్టు దగ్గర కూర్చున్నాడు. మొదటి గంగాళం రుద్ది, కడిగి, ఆ నీళ్లు వీధిలోకి విసరడానికి రెండు చేతులా ఎత్తాడు.

"ఒరే నాగరాజా" అంది అక్క వరండాలోంచి, గొంతు పెంచకుండా. "నురగ నీళ్లు కాలవలోకి వంచు. రెండో కడుగు గుంటగలగరకు పొయ్యి. రేపటి నుంచి కూడా అట్లనే."